భూసేకరణ నోటీసు వస్తే: సమ్మతి, అవార్డు, పూలింగ్‌లో ఏ దారి ఎవరికి నయం?

మా బాబాయి మామిడి తోటలో ఒకరోజు పొద్దున్నే పసుపు రంగు పూసిన రాళ్లు కనబడ్డాయి. ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టి వచ్చినప్పుడు లేవు. ఐదో వరుసకీ ఆరో వరుసకీ నడుమ, తోటని రెండుగా చీలుస్తూ ఎత్తిపోతల కాలువకి గుర్తులు పెట్టి వెళ్లారు. నాకు ఫోన్ చేసి ఆయన అడిగిన మొదటి మాట: "ఎకరాకి ఎంతిస్తారంటావురా?"

ఊరందరిదీ అదే ప్రశ్న. నేనూ చాలారోజులు దాని వెంటే తిరిగాను. ఆ ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ రెండేళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఒకటి. ఎకరాకి ఎంత అన్నదాని కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. సంతకం పెట్టాక ఇంకా అడిగే హక్కు నాకు మిగులుతుందా? పని ఆలస్యమైతే ఆ నష్టం నేను మోయాలా, ప్రభుత్వం మోయాలా? ఏ దారి మంచిదో ఈ రెండింటితో పోల్చి చూస్తేనే తేలుతుంది. కింద రాసినదంతా ఆ లెక్కలోనే.

ముందు నోటీసులో ఏ చట్టం ఉందో చూడండి

ఇది చూడకుండా మాట్లాడేవాళ్ల సలహా వినకండి. పక్కూరివాళ్లకి జరిగింది మీకు జరగకపోవచ్చు, ఎందుకంటే వాళ్లది వేరే చట్టం కావచ్చు.

కాలువ, రిజర్వాయరు, పారిశ్రామిక వాడ లాంటి వాటికి సాధారణంగా 2013 భూసేకరణ చట్టం కింద సేకరిస్తారు. 1894 నాటి బ్రిటిష్ చట్టం తీసేసి తెచ్చిన ఈ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 11 కింద మొదటి నోటిఫికేషన్ వస్తుంది. దాని మీద అభ్యంతరాలు చెప్పడానికి 60 రోజులు ఉంటాయి. ఆ తర్వాత ఈ భూమి తీసుకుంటున్నామని చెప్పే సెక్షన్ 19 డిక్లరేషన్, చివరికి అవార్డు, అంటే ఎవరికి ఎంత పరిహారమో కలెక్టర్ ప్రకటించే ఉత్తర్వు. మొదటి నోటిఫికేషన్ నుంచి 12 నెలల్లో డిక్లరేషన్, అక్కడి నుంచి 12 నెలల్లో అవార్డు రావాలి. ఈ తేదీలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి.

జాతీయ రహదారి అయితే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం. అక్కడ అంతా వేగం. 3ఏ నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకి 21 రోజులే. 3డీ డిక్లరేషన్ వచ్చిందంటే భూమి కేంద్రానిది అయిపోయినట్టే, డబ్బు సంగతి తర్వాత తేలుతుంది. హైదరాబాద్ చుట్టూ రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగానికి, సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ వైపు, రైతులకి వచ్చిన నోటీసులు ఈ చట్టం కిందివే. పరిహారం లెక్క కట్టే పద్ధతి మాత్రం 2015 నుంచి 2013 చట్టం ప్రకారమే. రేటు నచ్చకపోతే మొదట వెళ్లాల్సింది ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి. ఎక్కువగా జిల్లా కలెక్టరే ఆ బాధ్యతలో ఉంటారు.

ఇంకొక మాట. సామాజిక ప్రభావ అంచనా జరుగుతుంది, అప్పుడు మన గోడు చెప్పుకుందాం అని చాలామంది ఎదురుచూస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చట్టాన్ని సవరించుకుని కొన్ని రకాల ప్రాజెక్టులకి ఆ మెట్టు తీసేసే వీలు పెట్టుకున్నాయి. అందుకని దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా 60 రోజుల్లోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి.

డబ్బు ఎలా లెక్కేస్తారు

ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల సగటు ఒకటి. అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజులు తీసుకుని సగటు కడతారు. రెండిట్లో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య ఒక గుణకంతో హెచ్చిస్తారు. ఆ అంకె రాష్ట్రం నిర్ణయిస్తుంది. దానికి చెట్లు, బోర్లు, షెడ్ల విలువ కలిపి, వచ్చిన మొత్తానికి అంతే మొత్తం సొలేషియంగా, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు ఊరటగా, కలుపుతారు. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున అదనం కూడా ఉంటుంది.

ఊరికే లెక్క కోసం ఎకరం మార్కెట్ విలువ 20 లక్షలు, గుణకం 1.25 అనుకుందాం. 25 లక్షలు అవుతుంది. సొలేషియం కలిస్తే 50. ఏడాది ఆలస్యానికి 2 లక్షల 40 వేలు. చెట్లు, బోర్లు దీనిమీద.

చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ 20 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? దస్తావేజుల నుంచి. మన ఊళ్లలో 40 లక్షలకి కొన్న పొలాన్ని స్టాంపు ఖర్చు తగ్గుతుందని 12 లక్షలకి రిజిస్టర్ చేయించుకోవడం ఎంత మామూలో అందరికీ తెలుసు. అప్పుడు మిగిలిన నాలుగు డబ్బులు ఇప్పుడు ఊరందరి రేటునీ కిందకి లాగుతాయి. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి మీ ఊరివీ పక్క ఊళ్లవీ మూడేళ్ల అమ్మకాల వివరాలు తీయించండి. బ్యాంకు లోను పెట్టి కొన్నవాళ్ల దస్తావేజుల్లో ధర అసలు ధరకి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. అలాంటివి నాలుగైదు దొరికినా మీ చేతిలో ఆధారం ఉన్నట్టే.

సమ్మతి అవార్డా, మామూలు అవార్డా?

ఎక్కువమందికి టెన్షన్ పెట్టేది ఇదే. గ్రామసభ పెట్టి, అధికారులు ఒక రేటు చెప్పి, "ఒప్పుకుంటే వెంటనే చెక్కు, లేకపోతే డబ్బు డిపాజిట్ చేసేస్తాం, మీరు కోర్టు చుట్టూ తిరగండి" అంటారు. మా ఊళ్లోనూ సరిగ్గా ఈ మాటే అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కొంత భయపెట్టడం ఉంది.

సమ్మతి అవార్డు అంటే మీరూ ప్రభుత్వమూ ఒక రేటుకి ఒప్పుకుని ఒప్పందం రాసుకోవడం. చెప్పే రేటు సాధారణంగా లెక్క ప్రకారం వచ్చేదానికంటే కొంచెం పైన ఉంటుంది, డబ్బు త్వరగా వస్తుంది, లాయరు అక్కర్లేదు. ఆ సంతకంతో పెంపు అడిగే దారి మాత్రం మూసుకున్నట్టే. అవార్డుని ఒప్పుకోనివాళ్లకే చట్టం ఆ దారి ఇచ్చింది.

మామూలు అవార్డులో కలెక్టర్ లెక్క కట్టి మొత్తం ప్రకటిస్తారు. అది చాలదనిపిస్తే సెక్షన్ 64 కింద, పరిహారం వివాదాలు తేల్చే అథారిటీకి పంపమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. అవార్డు ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే 6 వారాలే గడువు. లేకపోతే నోటీసు అందిన 6 వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి 6 నెలలు, ఏది ముందైతే అది. అక్కడా నచ్చకపోతే 60 రోజుల్లో హైకోర్టు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డబ్బు తీసుకుంటే కేసు వేసే హక్కు పోతుందని ఊళ్లో అనుకుంటారు. పోదు. కాకపోతే తీసుకునేటప్పుడే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఒక్క వాక్యం లేకుండా తీసుకుంటే పెంపు అడిగే హక్కు నిజంగానే పోతుంది. బాబాయి చెక్కు తీసుకునే రోజు నేను పక్కనే ఉన్నాను. రసీదు మీద ఆయన ఆ మాట రాయబోతుంటే అక్కడి గుమస్తా, "అవన్నీ రాయకూడదండీ, చెక్కు ఆగిపోతుంది" అన్నాడు. పిన్ని బ్యాగులోంచి ముందే టైపు చేయించుకుని వెళ్లిన లెటరు తీసి, దాని కాపీ మీద స్టాంపు వేయించేదాకా అక్కడి నుంచి కదల్లేదు. చెక్కు ఆగలేదు.

మరి ఏది తీసుకోవాలి? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చెప్పిన రేటు మీరు తీసిన దస్తావేజుల లెక్కకి దగ్గరగా ఉండి, పోయేది మీ భూమిలో చిన్న ముక్కే అయి, నెత్తిన వడ్డీ అప్పు ఉంటే సమ్మతే నయం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మూడేళ్లు మోస్తూ కోర్టులో గెలిచినా పెద్దగా మిగలదు. రేటులో తేడా సగానికి సగం ఉంటే, లేదా పోయేది మీ బతుకుతెరువు మొత్తమే అయితే, మామూలు అవార్డుకే వెళ్లండి. అభ్యంతరంతో డబ్బు తీసుకోండి, అప్పు తీర్చుకోండి, పెంపు కేసు దాని మానాన అది నడుస్తుంది. పెంచిన మొత్తం మీద స్వాధీనం చేసుకున్న తేదీ నుంచి మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ ఇప్పించే వీలు చట్టంలో ఉంది. అంటే ఇక్కడ ఆలస్యం భారం ప్రభుత్వం మీదా పడుతుంది.

లాయరు ఫీజు శాతం లెక్కన మాట్లాడుకుంటుంటే ఆ శాతం పెరిగిన మొత్తం మీదేనని, అసలు పరిహారం మీద కాదని కాగితం మీద రాయించుకోండి. ఇంకో వీలు కూడా ఉంది. మీరు కేసు వేయకపోయినా, అదే నోటిఫికేషన్‌లో ఉన్న పక్క రైతుకి అథారిటీ రేటు పెంచితే, ఆ తీర్పు తేదీ నుంచి 3 నెలల్లో మీరూ అదే రేటు అడగొచ్చు. అందుకే పక్క పొలం కేసు ఏమైందో కనుక్కుంటూ ఉండాలి.

పూలింగ్: భూమి ఇచ్చి ప్లాటు తీసుకోవడం

దీనికి మనకున్న పెద్ద ఉదాహరణ అమరావతి. 2015లో 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. పట్టా మెట్ట భూమి ఎకరాకి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు భూమికి, అంటే నది పక్కన ఏడాదంతా నీళ్లుండే పొలానికి, 1,000, 450. ఎకరం అంటే 4,840 గజాలు కాబట్టి మెట్టకి దాదాపు 26 శాతం, జరీబుకి 30 శాతం తిరిగి వస్తుంది. దీంతోపాటు పదేళ్ల కౌలు. మెట్టకి ఏడాదికి 30 వేలతో మొదలై ఏటా 3 వేలు పెరుగుతుంది, జరీబుకి 50 వేలతో మొదలై 5 వేలు. పదేళ్లకి కలిపితే మెట్ట ఎకరాకి 4 లక్షల 35 వేలు, జరీబుకి 7 లక్షల 25 వేలు.

కాగితం మీద పూలింగ్‌కి సాటివచ్చేది లేదు. సేకరణలో భూమి పెరిగే విలువంతా వేరేవాళ్లకి పోతుంది, పూలింగ్‌లో మీకూ వాటా ఉంటుంది. అయితే ఆ వాటా విలువ నగరం కడితేనే. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చాక ఏం జరిగిందో అందరం చూశాం. పొలం లేదు, ప్లాటుకి రోడ్డు లేదు, అమ్ముదామంటే కొనేవాడు లేడు. రైతులు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఏళ్ల తరబడి దీక్షా శిబిరాల్లో కూర్చున్నారు. 2022 మార్చిలో హైకోర్టు ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వాలని చెప్పింది. పనులు మళ్లీ ఊపందుకున్నది 2024లో ప్రభుత్వం మారాకే. ఉండవల్లి, పెనుమాకల్లో ఏడాదంతా పంట తీసే రైతులు చాలామంది మొదటి నుంచీ ఎందుకు ఒప్పుకోలేదో ఆ ఐదేళ్లు చూస్తే తెలుస్తుంది.

నా రెండో ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది. పూలింగ్‌లో ఆలస్యం నష్టం మొత్తం రైతుదే. మీరు సంతకం పెట్టేది వెనక్కి తీసుకోలేని జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారం రాసివ్వడం) కలిసిన ఒప్పందం. కాబట్టి పదేళ్లు ఆ భూమి ఆదాయం లేకుండా బతకగలిగినవాళ్లకి, అంటే ఉద్యోగమో వేరే పొలమో ఉన్నవాళ్లకి, పూలింగ్ మంచి బేరం కావచ్చు. ఉన్న ఎకరం మీదే ఇల్లు గడిచేవాళ్లు అంతా పూలింగ్‌లో పెట్టకూడదని నేను గట్టిగా చెప్తాను. ఎకరం నర ఉంటే ఎకరం పూలింగ్‌కి ఇచ్చి అర ఎకరానికి డబ్బు అడిగే వీలుందేమో కనుక్కోండి. ఒప్పందంలో ప్లాటు ఇచ్చే తేదీ, ఆ తేదీ దాటితే ఏమిస్తారు అన్న వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్చమని అందరూ కలిసి అడగండి.

నేరుగా అమ్మితే నష్టపోయేది ఎవరు?

చట్టం పక్కన పెట్టి ప్రభుత్వమే రైతు దగ్గర కొనుక్కునే పద్ధతి కూడా ఉంది. తెలంగాణ 2015లో జీవో 123 తెచ్చింది ఇందుకే. పట్టాదారుకి ఒక్క మొత్తంగా డబ్బు చేతికొస్తుంది. మరి ఆ పొలంలో పదేళ్లుగా కౌలు చేస్తున్న అతనికి? కలుపు తీసే ఆవిడకి? వాళ్లకి ఏమీ లేదు. వ్యవసాయ కూలీలు ఇదే మాట మీద హైకోర్టుకి వెళ్తే, 2016 ఆగస్టులో కోర్టు ఆ జీవోని కొట్టేసింది. మల్లన్నసాగర్ ముంపు ఊళ్లలో, వేములఘాట్ లాంటి చోట్ల, జనం పట్టుబట్టింది కూడా 2013 చట్టం ప్రకారమే ఇవ్వమని.

ఆ చట్టంలో "ప్రభావిత కుటుంబం" అంటే భూమి ఉన్నవాళ్లు మాత్రమే కాదు. మూడేళ్లుగా అక్కడే పనిచేస్తూ దాని మీదే బతికే కౌలుదారు, కూలీ, చేతివృత్తులవాళ్లు కూడా వస్తారు. ఉద్యోగం, లేదా 5 లక్షలు ఒకేసారి, లేదా 20 ఏళ్లపాటు నెలకి 2 వేలకి తగ్గకుండా భృతి, ఈ మూడిట్లో ఒకటి చట్టం రాసిపెట్టింది. ఊరు వదలాల్సి వస్తే ఏడాదిపాటు నెలకి 3 వేలు, సామాన్ల తరలింపుకి 50 వేలు, ఇల్లు పోతే ఇల్లు. వితంతువులు, భర్త వదిలేసిన ఆడవాళ్లు వేరే కుటుంబం కింద లెక్క. వయసొచ్చిన పిల్లలు, పెళ్లయినా కాకపోయినా, వేరే కుటుంబమే. సర్వేకి వచ్చినవాళ్లు ఇంటికొక్క పేరు రాసుకుని పోతుంటే ఆపి చెప్పండి.

ఉన్న మూడు అవకాశాల్లో నన్నడిగితే నెలకి 2 వేలు ఎంచుకోకండి. చట్టంలో అది ధరలతోపాటు పెరగాలని ఉన్నా, మొదలయ్యేదే అంత చిన్న మొత్తం. ఒకేసారి వచ్చే 5 లక్షలు ఇంట్లో ఖర్చైపోతుందన్న భయం ఉంటే, ఇంటి ఆడవాళ్ల పేరు మీద డిపాజిట్ చేయండి.

ఊరంతా మునిగేచోట సంగతి వేరు. పోలవరం ముంపు గ్రామాల్లో నీటిమట్టం +41.15 మీటర్ల లోపు ఒక దశ, 45.72 వరకు మరో దశ అని విడగొట్టాక, భూమి ఎప్పుడో ఇచ్చేసి పునరావాసం కోసం ఎదురుచూస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటిచోట ముందు కాలనీ చూపించమనండి. నీళ్లు, బడి, శ్మశానం ఉన్నాయో లేదో వెళ్లి చూశాకే మిగతా మాటలు.

అసైన్డ్ భూమి వాళ్లకి ఒక మాట. "అది సర్కారు భూమే కదా, ఇచ్చింది తీసుకో" అని ఎవరన్నా అంటే నమ్మకండి. అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే చెప్పింది.

ఏ దారైనా తప్పనివి

రికార్డు సరిగా లేకపోతే ఈ పోలికలన్నీ వృథా. పొలం ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే, అన్నదమ్ముల మధ్య మాట తేలకపోతే, డబ్బు మీ ఖాతాలోకి రాదు, అథారిటీ దగ్గర డిపాజిట్ అవుతుంది. అక్కాచెల్లెళ్ల వాటా కూడా ఇంట్లోనే కూర్చుని తేల్చుకోండి. అవార్డు వచ్చాక తేల్చుకుందాం అనుకున్న ఇళ్లలోనే గొడవలు కోర్టుదాకా వెళ్తాయి. ఆంధ్రలో అడంగల్, 1బీ, తెలంగాణలో పాసుపుస్తకం, పహాణీ నకళ్లు, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), రాళ్లు పాతిన వారంలోనే తెచ్చుకోండి.

ఇక జాయింట్ కొలతల రోజు. ఆ రోజు పొలంలో మీరు ఉండకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు. మా బాబాయి ఆ రోజు ఉన్నాడు, కానీ ఎండ ఎక్కువైందని సర్వేవాళ్లని వదిలేసి మధ్యలో ఇంటికొచ్చాడు. ఆ గంటలోనే తోట మూల బోరు, దాని మోటారు షెడ్డు లెక్కలోంచి పోయాయి. కాగితంలో 38 చెట్లు రాశారు. మేం మళ్లీ వెళ్లి ఒక్కో మొదలుకీ సున్నంతో అంకె వేసుకుంటూ లెక్కపెడితే 46 తేలాయి. బోరుకి కరెంటు బిల్లులు, చెట్లకి తేదీ ఉన్న ఫోటోలు పెట్టి మళ్లీ కొలిపించడానికి నాలుగు నెలలు పట్టింది.

కాలువ అవతల మిగిలిన ముప్పై సెంట్ల ముక్క సంగతి అంతకంటే ముఖ్యం. దానికి దారి లేదు, నీళ్లు లేవు. భూమి ముక్కలవడం వల్ల మిగిలినదానికి కలిగే నష్టం కూడా పరిహారంలో లెక్కించాలని సెక్షన్ 28 చెప్తుంది. మొదటి అవార్డులో ఆ ఊసే లేదు. ఇప్పుడు అథారిటీ ముందున్న మా కేసులో అడుగుతున్న పెద్ద విషయం అదే: ఆ ముప్పై సెంట్లకి డబ్బైనా ఇవ్వండి, కాలువ మీద ట్రాక్టరు దాటేంత వంతెనైనా కట్టండి. బాబాయి ఇప్పటికీ వారానికోసారి మూడు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వెళ్లి, అటువైపున్న పదకొండు చెట్లకి బిందెలతో నీళ్లు పోసి వస్తున్నాడు.